జమ్మికి పోయిన శుక్రవారం

జీపు చక్రం పడ్డ చోటే పాదం పడాలి, పక్కన పడకూడదు, పక్కన ఇసుక కింద ఏముందో ఎవరికీ తెలియదు అని పొద్దున ఎనిమిదిన్నర నుంచీ మొండయ్య తనకు తానే చెప్పుకుంటున్నాడు. చెప్పుకుంటూ చక్రాల జాడలో ఒక పాదం ముందర ఒక పాదం వేస్తూ, పొలం గట్టు మీద నడిచినట్టు నడుస్తున్నాడు. వెనక్కి తిరిగి చూస్తే క్యాంపు లేదు, క్యాంపు చుట్టూ బుల్డోజరుతో ఎత్తుగా పోసిన ఇసుక కట్టా లేదు, ఉత్తరాన మాత్రం ఆకాశం మసిబారిన అటకలా ఉంది. కువైట్‌లో నూనె బావులు ఇంకా కొన్ని కాలుతూనే ఉన్నాయట, యుద్ధం ఫిబ్రవరిలోనే అయిపోయిందన్నారు, ఇది అక్టోబరు, పొగకు ఆ సంగతి ఎవరు చెప్పాలి. కట్ట దాటి పోవద్దని ఫోర్‌మన్ మూడు భాషల్లో చెప్పాడు. సైన్యాలు దిగిన నేల, పేలకుండా మిగిలినవి ఎక్కడెక్కడ ఉన్నాయో ఏరినవాడు లేడు. దానికి తోడు ఇవి వేట రోజులు, చలిదేశాల పిట్టలు ఇటు దిగే కాలం, శుక్రవారం వస్తే చాలు బండ్లు వేసుకుని తుపాకులతో తిరుగుతారు, తప్పనిసరైతే నారింజ రంగు కోటు తొడుక్కుని పొండి, మీ ఖాకీ బట్టలూ ఇసుకా ఒకటే రంగు, అన్నాడు. ఆ కోటు ఇప్పుడు మొండయ్య మంచం మీద మడత పెట్టి ఉంది. తొడుక్కుంటే వీపు మీది కంపెనీ పేరు ఎంత దూరానికైనా కనపడుతుంది, కట్ట దాటినవాణ్ణి పట్టుకుని ఏం చేస్తారో తెలియదు. తొడుక్కోకపోతే వేటగాడికి కనపడడు. రెండు భయాల్లో ఏది పెద్దదో తూచి తూచి చివరికి కోటు వదిలేశాడు. పేరుకే మొండయ్య గానీ ఆ ఒంట్లో మొండితనం ఏనాడూ లేదు. ఉన్నదంతా భయమే, దాన్ని నలభై ఏళ్ళుగా జాగ్రత్త అని పిలుచుకుంటూ వస్తున్నాడు.

ఒంటిగంటకు వ్యాను బయల్దేరుతుంది. ప్రభాకర్ అందులో ఎక్కుతాడు, దహ్రాన్‌లో విమానం ఎక్కుతాడు, బొంబాయిలో దిగుతాడు, అక్కణ్ణుంచి ఊరు, ఇక రాడు. ఖురూజ్ కొట్టించుకున్నాడు, మళ్ళీ వచ్చే సెలవు కాదు, పూర్తిగా పోవడమే. ఆ లోపల జమ్మి తెంపుకుని వెనక్కి చేరాలి, వాడి చేతిలో పెట్టాలి, పెట్టి ఒక మాట చెప్పాలి. జనవరి నుంచి ఇప్పటికి తొమ్మిది నెలలు, పక్క పక్క మంచాల మీద పడుకుంటున్నారు, ఒకే డేగిసాలో వండుకుని తింటున్నారు, ఆ ఒక్క మాట మాత్రం గొంతు దాటలేదు. ఉత్త చేతులతో చెప్పడం తనవల్ల కాదని మొండయ్యకు తెలిసిపోయింది. దసరా నాడు జమ్మి చేతిలో పెడితే సంగతి వేరు. బంగారం తీసుకో అని నాలుగు ఆకులు చేతిలో పెట్టాక వద్దన్న మనిషిని, అలయ్ బలయ్ అని కావలించుకోని మనిషిని అతను బుద్ధెరిగాక చూడలేదు. తన నాయన, బాలయ్య చిన్నాయన పదకొండేళ్ళు ఒకే బావి నీళ్ళు చెరో పూట పారించుకుంటూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు, కానీ ఆ పదకొండేళ్ళూ ప్రతి దసరాకూ జమ్మి ఇచ్చుకున్నారు, గట్టిగా కావలించుకున్నారు, తెల్లారితే మళ్ళీ మొహాలు తిప్పుకున్నారు. చిన్నప్పుడు అది చూసి నవ్వేవాడు. ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఆ ఒక్క పూట దొరికితే చాలు, తెల్లారేసరికి వాడు ఎలాగూ ఇక్కడ ఉండడు. దేవవ్వ ఎవరితోనో రాయించిన ఉత్తరంలో ఈ యేడు దసరా శుక్రవారం పడిందని ఉంది, పాపం ఆమె ఏదో మాటకు రాయించింది, మొగుడు ఎడారిలో నడుస్తాడని రాయించలేదు.

చెట్టు ఉందని ఎలా తెలుసంటే, రెండు నెలల కింద కంకర తెస్తుంటే లారీ టైరు పగిలింది. సముద్రపు ఒడ్డున తారులా పేరుకున్న నూనె ఎత్తిపోయడం వీళ్ళ పని, ఎత్తిన చోట కంకర పరవాలి, ఆ కంకర లోపలి గుట్టల నుంచి రావాలి. డ్రైవరు టైరు మారుస్తుంటే మొండయ్య నీడ కోసం వెతికాడు, పాడుబడ్డ బావి పక్కన ఒకటే ఒక చెట్టు, ఎవరు ఎప్పుడు నాటారో. దాని కింద కూర్చుని తల ఎత్తి చూశాడు, సన్న ఆకు, చిన్న ముల్లు, పగుళ్ళ బెరడు. లేచి నిలబడ్డాడు. జమ్మి! చెప్పులు విప్పాడు కూడా. డ్రైవరు దాన్ని గాఫ్ అన్నాడు, ఒంటెలు తింటాయన్నాడు, మొండయ్య వినలేదు, రెండువేల మైళ్ళో ఎన్ని మైళ్ళో దాటి వచ్చిన చోట తన ఊరి చెట్టు ఒకటి ముందే వచ్చి నిలబడి ఉన్నట్టు అనిపించి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, డ్రైవరు చూస్తాడని మొహం కడుక్కున్నాడు. అప్పుడే అనుకున్నాడు, దసరాకు రావాలి, ప్రభాకర్‌కు ఇయ్యాలి, చెప్పాలి. అనుకోవడంలో అతన్ని మించినవాడు లేడు.

మొదటి తుపాకి మోత వినపడినప్పుడు చెట్టు ఇంకా రెండు వందల అడుగుల దూరంలో ఉంది. మోత వినపడటం, మొండయ్య బోర్లా పడటం ఒకేసారి జరిగాయి. ఎవరూ పడుకోమనలేదు, ఒళ్ళే పడుకుంది. పడ్డచోట ఇసుక కొంచెం గుంటగా ఉంది, ముందు చిన్న తుప్ప ఒకటి. పొట్ట కింద చక్రాల జాడ లేదు, ఆ సంగతి పడ్డాక గుర్తొచ్చి చెమటలు పట్టాయి, పేలలేదు కాబట్టి ఇక్కడ ఏమీ లేదు, కదిలితే ఉంటుందేమో, కదలకూడదు. తుప్ప సందులోంచి చూశాడు. బావికి అవతల తెల్ల జీపు, జీపు నీడలో ఇద్దరు మనుషులు, గోరింట పెట్టిన గడ్డంతో ఒక ముసలాయన, గళ్ళ రుమాలు తలకు బిగించిన నడివయసు మనిషి. వీళ్ళకూ తెలుసన్నమాట. ఇంత దూరంలో చెట్టు ఒకటే అయితే పిట్టలన్నీ దాని మీదే వాలాలి, పిట్టలు వాలే చోట తుపాకి కూర్చుంటుంది. గడియారం చూసుకున్నాడు, పదీ నలభై. వాళ్ళు ఇంకో పావుగంటలో పోతారు. ముసలాయన కెటిల్ పెట్టాడు, చాయ్ కాచుకునేవాళ్ళు పావుగంటలో పోతారా. లేచి చెయ్యి ఊపితే అయిపోతుంది, సలాం చెప్పి నాలుగు రెమ్మలు తెంపుకుని పోవచ్చు, ఆకు తెంపితే ఎవరేమంటారు. అనుకుంటూనే పడుకుని ఉన్నాడు. నువ్వెవరు, ఏ క్యాంపు, ఇక్కడేం పని అంటారు, సైన్యం తిరిగిన చోట ఏం ఏరుతున్నావంటారు, ఇకామా చూపించంటారు, ఫోర్‌మన్‌కు చెబుతారు. ఇకామా జేబులో ఉంది. ఈ దేశంలో ఉండనిచ్చే చిన్న పుస్తకం. గుండెకు ఆనుకుని ఉంది, ప్రభాకర్ తెచ్చిన పుస్తకం.

ఆ పుస్తకం కోసమే వాడు లోపలికి పోయింది. ఖఫ్జీకి ఇవతల పంపు స్టేషను పక్కన అప్పటి క్యాంపు, యుద్ధం మొదలైన రాత్రి, మొదటి గుండు ఎక్కడో దూరంగా పడింది, రెండోది రేకులు గలగలమనేంత దగ్గర పడింది. లారీ తెచ్చి నిలబెట్టాడు నబీ రసూల్, కడప వైపు మనిషి, అప్పటికీ ఇప్పటికీ కంపెనీ డ్రైవరు. అందరూ లారీ మీదికి ఎగబాకుతుంటే ప్రభాకర్ ఆగిపోయాడు, మామా, ఇకామాలు నా పెట్టెల ఉన్నయి, నీది నాది, అవి లేకుంటె చెక్‌పోస్టు కాడ పట్టుకుంటరు, ఒక్క నిమిషం, బండి ఆపుండ్రి, అని పరిగెత్తాడు. మామ అంటే రక్తసంబంధం ఏమీ లేదు, పక్క ఊరివాడు, ఎయిర్‌పోర్టులో పరిచయమైన రోజే వరస కలుపుకున్నాడు. వాడి తెల్ల చొక్కా వీపు చీకట్లో పోతూ కనపడింది. మూడో గుండు పడింది. నేల లేచి కూర్చున్నట్టయింది. ముందు నుంచి నబీ రసూల్ అరిచాడు, అందరూ ఎక్కినారా లేదా, ఎవురైనా చెప్పండ్రా! లారీ వెనక తలుపు దగ్గర ఉన్నది మొండయ్య. చెప్పవలసింది అతనే. ఎక్కిండ్రు, అందరెక్కిండ్రు, పోనియ్! అని అరిచింది ఎవరు. తన నోరే. తన గొంతులా కూడా లేదు, సన్నగా, కీచుగా, ఎవరో ఆడమనిషి అరిచినట్టు ఉంది, అందుకే ఎవరూ పోల్చుకోలేదు. రేకు మీద అరచేత్తో రెండుసార్లు కొట్టాడు కూడా. ఆ కొట్టడం ఎందుకు. చెప్పడమే కాదు, తొందరపెట్టాడు.

ఇసుక కాలుతోంది. మోచేతులు మంట. పదకొండూ నలభై. ముసలాయన కప్పులు కడుగుతున్నాడు, గళ్ళ రుమాలు మనిషి తుపాకి గొట్టంలోంచి ఆకాశాన్ని చూస్తున్నాడు. దాహం వేస్తోంది, నీళ్ళ సీసా నడుముకే ఉంది, తీస్తే మూత మెరుస్తుంది. ప్రభాకర్ నీళ్ళ ట్యాంకులో దాక్కున్నాడు, ఖాళీ ట్యాంకు, వంటగది మీదిది, రెండు రాత్రులు ఒక పగలు. మోకాళ్ళు తలదాకా ముడుచుకుని కూసున్న మామా, ఉల్లిగడ్డలు తిన్న, నవ్వకు, నోరంత మండింది, నీళ్ళ ట్యాంకుల కూసుండి నీళ్ళ కోసం ఏడ్సిన! అని తర్వాత వాడే నవ్వుతూ చెప్పాడు. మూడో రోజు మిలిటరీవాళ్ళు జుబైల్ తెచ్చి దింపారు. ఒక కాలికి బూటు లేదు. దిగుతూనే మొండయ్యను వెతుక్కుంటూ వచ్చి చొక్కా లోపలి నుంచి రెండు పుస్తకాలు తీసి ఒకటి చేతిలో పెట్టాడు, ఇగో మామా నీ ఇకామ, పైలంగ పెట్టుకో. అప్పుడు చెప్పవలసింది. అప్పుడు చెబితే వాడు కొట్టేవాడేమో, కొట్టించుకుంటే ఆ రోజుతో అయిపోయేది. మొండయ్య పుస్తకం తీసుకుని జేబులో పెట్టుకుని, తిన్నవా, అన్నాడు.

అంతా కలిసి నబీ రసూల్ మీద పడ్డారు. డ్రైవరు నువ్వు, దిగి లెక్కపెట్టుకోవద్దా, మనిషిని చావుకు వదిలేసి బండి ఎట్ల తోలినవురా! ఎవురో ఎక్కినారని అరిచినారప్పా, నా చెవులార విన్నా, అన్నాడతను. ఎవరు అరిచారు? ఎవరూ చెప్పలేదు. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు, మొండయ్య కూడా చూశాడు, ఎవడబ్బా అన్నట్టు తను కూడా అటూ ఇటూ చూశాడు. ఆనాటి నుంచి ప్రభాకర్ నబీ రసూల్‌తో మాట్లాడలేదు. అతను తోలే బండి ఎక్కితే వెనక కూర్చుంటాడు, ఏదన్నా చెప్పాలంటే పక్కవాడికి చెబుతాడు. రంజాన్ పండక్కి నబీ రసూల్ సేమ్యా గిన్నె పంపితే ముట్టుకోకుండా తిప్పి పంపాడు, మామా నువ్వు తిను, నాకు సయించదు అని. మొండయ్య కూడా అది తినలేదు. కడుపునొప్పి అన్నాడు.

ఒక్క మాట అన్నందుకా ఇదంతా. భయంలో నోరు జారింది, ఎవడికి జారదు, దేవవ్వ ముందు కూడా అట్లనే అనొచ్చు. కానీ ఆ మాట తర్వాత జుబైల్ దాకా రెండు వందల కిలోమీటర్లు ఉన్నాయి. లారీ క్యాంపు గేటు దాటింది, అప్పుడు అనొచ్చు ఆపు అని. రోడ్డెక్కింది, అప్పుడు అనొచ్చు. మొదటి చెక్‌పోస్టులో పది నిమిషాలు ఆగారు, సిపాయి టార్చి వేసి మొహాలు చూశాడు, ఆ వెలుగు మొండయ్య మొహం మీద కూడా పడింది, అప్పుడు ఒక్క మాట. రెండో చెక్‌పోస్టు. పెట్రోలు బంకు. ప్రతి చోటా, ఇప్పుడు కాదు ఆ ముందర చెబుతా అనుకున్నాడు, ప్రతి చోటా దూరం పెరిగింది, పెరిగినకొద్దీ ఇప్పుడు చెబితే ఏంలాభం అనిపించింది. ఒక్కసారి కాదు వదిలేసింది, కిలోమీటరుకు ఒకసారి. ఈ లెక్క ఎవరికీ చెప్పలేదు. ఇవాళ చెప్పాలనుకున్నది ఇదే.

పన్నెండూ పది. ఇక లేవాలి, ఇప్పుడు లేచి తెంపుకుని పరిగెత్తినా చేరేసరికి ఒంటిగంట దాటుతుంది. లేవాలి అనుకుంటూ ఉండగానే చెట్టు మీద ఏదో వాలింది. గోధుమరంగు పిట్ట, తల కొంచెం పెద్దది, కొమ్మ మీద అటూ ఇటూ సర్దుకుంది. సర్దుకుంటూ ఒకసారి రెక్క విప్పి మడిచింది. ఆ విప్పిన రెక్కలో నీలం. నీలమా అది, మామూలు నీలం కాదు, ఆకాశం అంతా మసి పట్టాక మిగిలిన నీలాన్ని ఎవరో దాచి తెచ్చినట్టుంది. పాలపిట్ట! దసరా నాడు, జమ్మి మీద, పాలపిట్ట! ఊళ్ళో ఉంటే దీని కోసం మధ్యాహ్నం నుంచి ఊరవతల తుప్పలన్నీ వెతికేవాళ్ళు, పిల్లల్ని భుజాలకెత్తుకుని, కనపడ్డదంటే అదుగో అదుగో అని అరుపులు, కనపడ్డవాడికి ఆ ఏడంతా తిరుగులేదు. మూడేళ్ళయింది చూసి. మొండయ్య తుపాకి మరిచాడు, జీపు మరిచాడు, ఒంటిగంట మరిచాడు. ఎవరో పిలిచినట్టు గుంటలోంచి లేచి నిలబడి, చెప్పులు విడిచి, రెండు చేతులూ జోడించి నెత్తి మీదికెత్తి దండం పెట్టాడు.

మోత వినపడలేదు. ఎడమ భుజం మీద ఎవరో సలసల కాగే నూనె చిలకరించినట్టయింది, కూలబడ్డాడు. పిట్ట లేచిపోయింది, అది మాత్రం చూశాడు, నీలం రెక్కలు రెండూ విప్పుకుని దక్షిణానికి పోయింది, దానికేమీ కాలేదు. చొక్కా భుజం దగ్గర అయిదారు చిల్లులు, ఒక్కో చిల్లు చుట్టూ ఎరుపు నెమ్మదిగా పెద్దదవుతోంది. పిట్టల మీద వేసే చిన్న సీసపు గుండ్లు. చావను, అనుకున్నాడు. చస్తానేమో, అని కూడా అనుకున్నాడు. ఇద్దరూ పరిగెత్తుకుంటూ వచ్చారు, కాల్చింది ముసలాయనే, తుపాకి ఇంకా చేతిలోనే ఉంది. యా రఫీక్, యా రఫీక్, ఎక్కడి నుంచి వచ్చావు, నువ్వెవరితో వచ్చావు, ఇంకెవరున్నారు నీతో, అని అరబ్బీలో అడిగాడు. ఆ మాత్రం అరబ్బీ మొండయ్యకు వచ్చు. ఎవరూ లేరు, ఒక్కణ్ణే, అన్నాడు. అన్నాక చూశాడు, గళ్ళ రుమాలు మనిషి కళ్ళలో ఏదో మారింది. అతను ముసలాయన చెయ్యి పట్టుకుని పక్కకు లాగి గబగబా మాట్లాడాడు. మా హద్ షాఫ్. ఎవరూ చూడలేదు. యల్లా నమ్షీ. పద పోదాం. ముసలాయన మొండయ్యను చూశాడు, జీపును చూశాడు, మళ్ళీ మొండయ్యను చూశాడు. ఆ చూపు మొండయ్యకు బాగా తెలుసు. బయటి నుంచి చూడటం ఇదే మొదటిసారి. ఒక మనిషి తన ప్రాణానికీ ఇంకొకడి ప్రాణానికీ నడుమ నిలబడి ఉన్నప్పుడు మొహం ఇట్లా ఉంటుంది, పెదవులు ఇట్లా తెల్లబడతాయి, పాపం ఇట్లా గుటకలు మింగుతాడు.

వాళ్ళు వెళ్ళిపోయారు.

ఇంజను మోత గట్టిగా వినపడింది, తర్వాత మామూలుగా, తర్వాత ఉందా లేదా అన్నట్టు. మొండయ్య ఇసుకలో వెల్లకిలా పడుకుని ఆ మోత వెంట చెవులు పెట్టుకుని పోయాడు. ఆగుతుంది, ఇప్పుడు ఆగుతుంది, ఆ దిబ్బ దాటాక ఆగుతుంది, ఎవరో ఒకరంటారు, ఇద్దరిలో ఒకరికి గుర్తుంటుంది, మర్చిపోయేంత చిన్నవాణ్ణా, ఇంత పెద్ద మనిషిని. ట్యాంకులో ముడుచుకుని వాడు ఇట్లనే విన్నాడు. మోత తగ్గుతుంటే వాడు తిట్టుకుని ఉండడు, ఎదురుచూసి ఉంటాడు. మామ ఉన్నడు, మామ చెబుతడు, మామ ఆపుతడు అనుకుని ఉంటాడు. రెండు రాత్రులూ అదే అనుకుని ఉంటాడు! మొండయ్య నోటి నుంచి ఏదో శబ్దం వచ్చింది, ఏడుపని తనకే తెలియడానికి కాసేపు పట్టింది. నొప్పికి కాదు. తొమ్మిది నెలలుగా తను చెప్పాలనుకున్నది తన సంగతి, తన భయం, తన కిలోమీటర్లు. వాడి చెవులతో ఆ మోత ఎప్పుడూ వినలేదు.

లేచాడు. చెప్పులు వెతుక్కోలేదు. చక్రాల జాడ చూసుకోలేదు, ఎక్కడ పడితే అక్కడ అడుగు వేస్తూ చెట్టు దాకా నడిచి, కుడిచేత్తో రెమ్మ విరిచాడు, ముల్లు దిగింది, ఇంకో రెమ్మ విరిచాడు. ఇక నడవాలి, ఎంత దూరమైతే అంత నడవాలి, ఒంటిగంటకు అందినా అందకపోయినా. పది అడుగులు వేశాడో లేదో మళ్ళీ మోత. ఈసారి పెరుగుతోంది. జీపు దిబ్బ మీదికెక్కి ఇసుక ఎగజిమ్ముకుంటూ వచ్చి అతని పక్కన ఆగింది. ముసలాయన ఒక్కడే దిగాడు, గడ్డమంతా తడి, ఏవో దేవుడి మాటలు చెప్పుకుంటూ తన తెల్ల రుమాలు చింపి మొండయ్య భుజానికి బిగించాడు. లోపల కూర్చున్న మనిషి ఇటు చూడటం లేదు. గడియారంలో చూస్తే వాళ్ళు పోయి వచ్చింది తొమ్మిది నిమిషాలు. తొమ్మిది నిమిషాలకు తిరిగి వచ్చాడు ఈ ముసలాయన, తుపాకి కాల్చినవాడు. ఆస్పత్రి, ఆస్పత్రి, అంటున్నాడు. ముందు క్యాంపు, తర్వాత ఆస్పత్రి, అన్నాడు మొండయ్య. ఒక అరబ్బుతో అంత గట్టిగా మాట్లాడటం అతనికి అదే మొదలు.

జీపు కట్ట దాటి క్యాంపులోకి వచ్చేసరికి వ్యాను ఇంజను నడుస్తూనే ఉంది. పెట్టెలు ఎక్కించేశారు. పోయేవాళ్ళు ఇద్దరే, ప్రభాకర్, సిద్దిపేట నర్సింలు. ప్రభాకర్ కొత్త చొక్కా వేసుకుని వ్యాను మెట్టు మీద కాలు పెట్టి క్యాంపు గదుల వైపు చూస్తున్నాడు, మామ ఎక్కడ పోయాడా అని. జీపు దిగుతున్న మొండయ్యను చూసి ఒక్క ఉరుకున వచ్చాడు.

"మామా! ఏమైందే! ఎవడు కొట్టిండు? ఇంత నెత్తురేందే!" వెనక్కి తిరిగి, "నర్సింలూ, ఆ డ్రైవరుకు చెప్పు, నా పెట్టె దించమను. నేను ఇయ్యాల పోను. మామను దవఖానకు తోలుకపోత."

స్టీరింగ్ దగ్గర నబీ రసూల్ ఆ మాట విని, నర్సింలు చెప్పేదాకా ఆగకుండా ఇంజను ఆపేశాడు.

వాడి పెళ్ళాం సంధ్య ఎదురుచూస్తోంది అక్కడ, పుట్టాక వాడు ఒక్కసారీ చూడని కూతురు ఎదురుచూస్తోంది, వీడు నా భుజానికి పడ్డ గుండ్ల కోసం విమానం వదులుకుంటానంటున్నాడు. ఇట్లాంటివాణ్ణి. మొండయ్య కుడిచేతిలోని రెమ్మలు వాడి చేతిలో పెట్టాడు. "బంగారం తీస్కో అల్లుడా."

"ఇప్పుడు బంగారమేందే, పానం పోతుంటే!"

"ఆ రాత్రి అందరెక్కిండ్రు, పోనియ్ అన్నది నేను."

ప్రభాకర్ రెమ్మలు పట్టుకునే ఉన్నాడు. మొహంలో ఏమీ మారలేదు, మాట ఇంకా లోపలికి పోనట్టుంది. పోయాక కూడా నవ్వడానికి చూశాడు. "భయంల మర్సినవు గదా మామా," అన్నాడు మెల్లగా, తోవ చూపిస్తున్నట్టు. "అన్ని బాంబులు పడుతుంటె ఎవలకు యాదుంటది. నేను లోపలికి పోయిన సంగతి మర్సిపోయినవు. అంతే గదా?"

అవునంటే అయిపోతుంది. వాడే ఇస్తున్నాడు, తీసుకుంటే చాలు, అలయ్ బలయ్ కూడా దొరుకుతుంది.

"మరువలే," అన్నాడు మొండయ్య. "నువ్వు లోపలున్నవని ఎరుకుండి గూడ ఆ మాటన్న. జుబైల్ దాక యాదికే ఉన్నవు. ఎక్కడ కూడ ఆపుమనలే."

మొండయ్యకు ఊపిరి నిండా అందింది, తొమ్మిది నెలల్లో మొదటిసారి, అందినందుకే సిగ్గేసింది. కుడి చెయ్యి ఒక్కటే లేస్తుంది, దాన్ని చాపాడు, ఎట్లాగూ ఇయ్యాల దసరా.

ప్రభాకర్ ఆ చేతిని చూశాడు. చూసి, వ్యాను చుట్టూ తిరిగి అవతలి వైపు వెళ్ళి డ్రైవరు తలుపు తెరిచాడు. "నబీ భాయ్, దిగు," అన్నాడు.

"ఏమప్పా, మళ్ళా ఏమైంది?" అంటూ నబీ రసూల్ భయం భయంగా దిగాడు. ప్రభాకర్ జమ్మి రెమ్మలు రెండూ అతని చేతిలో పెట్టాడు, ఒక్క ఆకు కూడా ఉంచుకోలేదు. బంగారం తీస్కో, అన్నాడు. నబీ రసూల్ ఆకులనూ వాణ్ణీ మార్చి మార్చి చూశాడు. "దిగి లెక్కపెట్టుకోవాల్సింది అబ్బీ," అన్నాడు. "తప్పు నాదే." ప్రభాకర్ అతన్ని రెండు చేతులా కావలించుకుని, ఆ భుజం మీద మొహం పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

పెట్టె దించలేదు. వ్యాను కదిలేటప్పుడు ప్రభాకర్ ముందు సీట్లో, నబీ రసూల్ పక్కన కూర్చున్నాడు. రోడ్డు మలుపు దాకా మొండయ్య చూస్తూ నిలబడ్డాడు, ఒకసారి ఇటు తిరుగుతాడేమోనని. తిరగలేదు. చాపిన చెయ్యి ఇంకా చాపే ఉందని, ముసలాయన వచ్చి దాన్ని పట్టుకుని కిందికి దించేదాకా అతనికి తెలియలేదు.